డయాలసిస్ మానేస్తేనే విశ్వాసమా, సిస్టరమ్మా?

"సిస్టరమ్మకు ఉత్తరం" శీర్షికకు ఈ నెల వచ్చిన వాటిలోంచి మూడు ఉత్తరాలు. మిషన్ ఆసుపత్రిలో 36 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన సిస్టరమ్మ జవాబులు.

ప్రశ్న: సిస్టరమ్మ గారికి ప్రభువు నామంలో వందనాలు. మాది ఉద్దానం, కవిటి మండలంలో ఒక పల్లె. నా వయసు 33. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయని రెండేళ్ల కిందట చెప్పారు. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. మా మామగారు కూడా ఇదే జబ్బుతో పోయారు. 2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. అప్పుడు వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయని సంతోషించేలోపు ఈ కష్టం వచ్చింది. పోయిన నెల మా ఊళ్లో మూడు రోజులు స్వస్థత కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు మా ఆయన తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, "మీ ఇంట్లో ఎవరిదో ఒప్పుకోని పాపం ఉంది. 21 రోజులు ఉపవాస ప్రార్థనలో ఉండండి. ఆ మిషన్ మీద పడుకున్నంతకాలం దేవుణ్ణి నమ్మనట్టే" అన్నారు. మా ఆయన మానేస్తానంటున్నారు. మొన్న శుక్రవారం వెళ్లలేదు కూడా. నేను వద్దంటే మా అత్తగారు నన్ను అవిశ్వాసి అంటున్నారు. ఇంకో సంగతి. ఈ మధ్య ప్రార్థన చేద్దామని కూర్చుంటే నాకు కన్నీళ్లు రావడం లేదు, కోపం వస్తోంది. నాలుగో తరగతి చదివే మా బాబు "అమ్మా, దేవుడికి మన మాట వినబడట్లేదా?" అని అడుగుతున్నాడు. నేనేం చెప్పాలి? (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదవగానే పత్రికవాళ్లని అడిగి నీ నంబరు తీసుకుని ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు ఇది. మరుసటి సోమవారం అతను డయాలసిస్‌కి వెళ్లి వచ్చాడని నువ్వు చెప్పాకే నాకు నిద్ర పట్టింది. ఫోన్లో చెప్పినవే మళ్లీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి మాటలు విని మందులు పక్కన పెట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లూ చదవాలి.

ముందు నర్సుగా చెబుతాను. కిడ్నీలు పూర్తిగా పోయిన మనిషి డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చి పడుకుంటే ఊపిరాడదు. దానికన్నా భయపడాల్సింది పొటాషియం. అది రక్తంలో పెరుగుతున్నా పైకి ఏమీ తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది. 21 రోజులు అని ఆ ప్రసంగీకుడు చాలా తేలిగ్గా అన్నాడు. మీ ఆయన లాంటివాళ్లకి చాలాసార్లు అన్ని రోజులు ఉండవు. అందుకని ఇకపై ఒక్క రోజు కూడా మానొద్దు. ఏదైనా కారణంతో ఒకటి తప్పితే, తర్వాతి రోజు కోసం చూడకుండా వెంటనే సెంటర్‌కి ఫోన్ చెయ్యి.

ఉపవాసం కూడా అతనికి వద్దు. ఉపవాసం ముగించేటప్పుడు మీ వైపు ప్రేమగా కొబ్బరిబోండం కొట్టి ఇస్తారు కదా, అది అసలే వద్దు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. అరటిపండూ అంతే. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి బోండం తాగకూడదని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పాలి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసిన చోటు) పెట్టిన చేతితో బరువులు ఎత్తనివ్వకు, ఆ చేతికి బీపీ చూడనివ్వకు, ఎవరినీ గట్టిగా పట్టుకోనివ్వకు. ప్రార్థన చేసేవాళ్లయినా సరే.

ఇప్పుడు విశ్వాసిగా చెబుతాను. ఈ మాటలు నేను పుస్తకాల్లో చూసి రాయడం లేదు.

నాకొక తమ్ముడు ఉండేవాడు. పన్నెండో ఏట వాడికి సుగరు వచ్చింది, పిల్లలకు వచ్చే రకం. రోజూ ఇన్సులిన్ పడాల్సిందే. అప్పట్లో మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాని నీళ్ల కుండలో చల్లగా ఉంచేవాళ్లం. గాజు సిరంజి మరగబెట్టి మా అమ్మే సూది వేసేది. చదువు రాని మనిషి, గీతలు లెక్కపెట్టుకుని మందు ఎక్కించడం నేర్చుకుంది. 1986లో వాడికి 19 ఏళ్లు. పక్క ఊళ్లో కూటాలకు వెళ్లాడు. అక్కడ ఒకాయన మీ ఆయనకి చెప్పినట్టే వాడికీ చెప్పాడు. వాడు స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పాడు, "నేను బాగయ్యాను, ఇక సూది వేసుకోను" అని. జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ రాత్రే నేను పనిచేసే ఊరికి బస్సెక్కి వచ్చి నాకు చెప్పాడు. వాడి ముఖం ఎంత వెలిగిపోతోందో నాకు ఇప్పటికీ గుర్తే.

అమ్మా, నాకు తెలుసు. అప్పటికే ఆరేళ్లు వార్డులో పనిచేశాను. ఇన్సులిన్ మానితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అయినా గట్టిగా మాట్లాడలేకపోయాను. నేను వద్దంటే వాడి విశ్వాసాన్ని పాడుచేసినదాన్ని అవుతానేమో, దేవుడు నిజంగానే బాగుచేశాడేమో అనుకున్నాను. "జాగ్రత్తరా" అని మాత్రం అన్నాను. మూడో రోజు కబురొచ్చింది. నేను వెళ్లేసరికి వాంతులు, ఒకటే ఆయాసం. ఊపిరిలో మాగిన పండు వాసన. ఇన్సులిన్ లేక రక్తం విషమవుతోందనడానికి గుర్తు ఆ వాసన, నర్సులకు తెలుసు. జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా నా ఒళ్లోనే పోయాడు. ఆ ప్రసంగీకుడు తర్వాత ఎవరితోనో అన్నాడట, "చివర్లో వాడి విశ్వాసం తగ్గింది" అని.

అందుకే నీకు ఫోన్ చేసినప్పుడు నా గొంతు అంత గట్టిగా వినిపించింది. నీ మీద కోపం కాదమ్మా. ఆ రోజు తమ్ముడితో అనాల్సిన మాట 39 ఏళ్ల తర్వాత నీతో అన్నాను.

నేను స్వస్థతను నమ్ముతాను. ఈ మాట స్పష్టంగా రాయాలి, లేకపోతే మీ అత్తగారు నన్నూ అవిశ్వాసి అంటారు. వార్డులో సూది వేసే ప్రతిసారీ మనసులో ప్రార్థన చేశాను. బతకరనుకున్నవాళ్లు లేచి నడిచి వెళ్లడం కళ్లారా చూశాను. కానీ బైబిల్లో దేవుడు మందుకు అడ్డుపడటం నాకు కనబడలేదు. మీ అత్తగారి పక్కన కూర్చుని రాజుల రెండో గ్రంథం 20వ అధ్యాయం చదువు. హిజ్కియా రాజుకు మరణకరమైన జబ్బు. దేవుడే స్వయంగా "నిన్ను బాగుచేస్తాను, ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తాను" అన్నాడు. అంత మాట ఇచ్చాక కూడా యెషయా ఏమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించమన్నాడు. దాన్ని పుండు మీద వేశారు, రాజు బాగయ్యాడు. దేవుడి వాగ్దానం ఉంది, పండ్ల ముద్దా ఉంది. ముద్ద వేయించుకున్నందుకు హిజ్కియాను ఎవరూ అవిశ్వాసి అనలేదు. నీ భర్త పక్కనున్న ఆ మిషన్‌ను నేను అంజూరపు పండ్ల ముద్దలాగే చూస్తాను.

ఇంకొక చిన్న వాక్యం ఉంది, ఎవరూ దాని మీద ప్రసంగం చేయరు. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో పౌలు అంటాడు, త్రోఫిము రోగి అయినందున అతన్ని మిలేతులో విడిచి వచ్చానని. పౌలు చేతుల మీదుగా ఎంతమంది బాగయ్యారు! అలాంటి పౌలు తన సొంత మనిషిని జబ్బుతోనే వదిలి రావాల్సి వచ్చింది. త్రోఫిము పాపం చేశాడనీ, విశ్వాసం తక్కువనీ ఒక్క మాట రాయలేదు. నా తమ్ముడు పోయిన ఏడాది ఆ వాక్యం దొరికింది నాకు. దాని పక్కన పెన్సిల్‌తో గీత గీసుకున్నాను.

ఇంట్లో పాపం ఉందన్న మాట గురించి. మీ ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో అడిగినా ఈ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. అన్ని కులాలూ, అన్ని మతాలూ. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఎండలో పని చేసేవాళ్ల రక్తం పరీక్షించారు, కారణం ఇదేనని ఇంకా తేల్చలేకపోయారు. ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాళ్లు తేల్చలేనిది, మూడు రోజుల కోసం వచ్చిన మనిషి మీ ఇంట్లో పాపమని తేల్చేశాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు కూడా ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని. వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు అందరికన్నా పాపాత్ములని అనుకుంటున్నారా అని ఆయనే ఎదురు ప్రశ్న వేశాడు. యేసు అనని మాట మీ వాకిట్లో నిలబడి అనే అధికారం ఆ మనిషికి ఎవరిచ్చారు?

ఇక నీ కోపం.

తమ్ముణ్ణి మట్టిచేశాక మా అమ్మ వంట చేసేది, గొడ్లకు మేత వేసేది, అన్నీ మామూలుగానే. రాత్రి అందరూ పడుకున్నాక పెరట్లోకి వెళ్లి నిలబడి పైకి చూసి అడిగేది. "ఏం చేశావయ్యా నా బిడ్డని? నీకేం తక్కువ చేశాను నేను?" గట్టిగానే అడిగేది. ఇరుగుపొరుగు విని, ఈమె దేవుణ్ణి వదిలేసిందన్నారు. మా సంఘం అయ్యగారు అప్పటికే ముసలాయన. ఒక సాయంత్రం వచ్చి నులకమంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, 13వ కీర్తన తీసి చదివారు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" చదివి, "అమ్మా, దావీదు కూడా నీలాగే అడిగాడు. అలాగే అడుగు. ఆయన్నే అడుగు" అని వెళ్లిపోయారు. అంతే. ఆ వారం మళ్లీ వచ్చి మా గాదె తలుపు ఊడిపోతే మేకులు కొట్టి పెట్టారు.

మా అమ్మ ఇంచుమించు ఏడాది అలా పోట్లాడింది. ఒక రాత్రి నేను సెలవు మీద ఇంట్లో ఉన్నాను. పెరట్లో ఆమె గొంతు వేరేగా వినిపించింది. "సరేలే. వాణ్ణి నీ దగ్గరే ఉంచుకో. తీపి పెట్టకు వాడికి" అంది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ రాత్రితో ఆమె బాధ పోయిందని చెప్పను. 2009లో కన్నుమూసేదాకా వాడి పేరు ఎత్తితే గొంతు పూడుకుపోయేది. కానీ ఆ ఏడాదంతా ఆమె మాట్లాడింది ఎవరితోనో గమనించమ్మా. వేరే ఎవరి దగ్గరకూ వెళ్లలేదు. నీ కోపం కూడా ఆయన దగ్గరే పెట్టు. మంచి మాటలు దొరకనప్పుడు 88వ కీర్తన చదువు. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది. తర్వాత ఓదార్పు వాక్యం ఏదీ లేదు. అలాంటి ప్రార్థనను కూడా బైబిల్లో ఉంచారంటే, నీ ప్రార్థనకూ అక్కడ చోటుంది.

నీ ఉత్తరంలో నీ గురించి ఏమీ లేదు. ఫోన్లో తవ్వి అడిగితే, రెండేళ్లుగా రాత్రి నాలుగు గంటలకన్నా ఎక్కువ నిద్రపోలేదన్నావు. ఏలీయా ఎడారిలో బదరీ వృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. మాటలు ఆ తర్వాతే. మీ సంఘంలో స్త్రీల కూడిక ఉందన్నావు కదా, వాళ్లను సిగ్గుపడకుండా అడుగు. వారానికి ఒక్క రోజు మీ ఆయనతో సెంటర్‌కి వేరే ఎవరైనా వెళ్లి నాలుగు గంటలు కూర్చుంటే, ఆ పూట నువ్వు పడుకో. కిడ్నీ రోగులకు ప్రభుత్వం ఇచ్చే పింఛను కాగితాలు ఇంకా పెట్టలేదన్నావు. అది ఈ వారమే సచివాలయంలో పెట్టు.

బాబుకి అబద్ధం చెప్పకు. "వినబడుతుంది నాన్నా. నాన్నని ఇంకా ఎందుకు బాగుచేయలేదో అమ్మకి కూడా తెలీదు. మనం అడుగుతూనే ఉందాం, నాన్నని మిషన్‌కి పంపుతూనే ఉందాం" అను. పిల్లలకి ఆ మాట అర్థమవుతుంది. పెద్దవాళ్లకే ఎక్కువ సమయం పడుతుంది. శుక్రవారం మీ ఆయన వెళ్లి రాగానే నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వు.

ప్రశ్న: నాది ఒంగోలు దగ్గర పల్లె. హైదరాబాద్‌లో గదిలో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను, 27 ఏళ్లు. మూడోసారి కూడా కొద్ది మార్కుల్లో పోయింది. మా ప్రార్థన కూటంలో అందరూ ఉద్యోగం వచ్చిందని, వీసా వచ్చిందని సాక్ష్యాలు చెబుతారు. నాకు చెప్పడానికి ఏమీ లేక వెళ్లడం మానేశాను. ఇంతగా అడిగినా ఇవ్వని దేవుణ్ణి ఎలా నమ్మాలి?

జవాబు: బాబూ, మాదీ ఆ పక్కనే. మన తాతల తాతల సంగతి ఒకటి చెబుతాను, మా నాయనమ్మ చెప్పేది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది, ధాత కరువు అనేవాళ్లు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. కాలువ గట్టున వాక్యం విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు గడిచేదాకా ఆగమన్నారు. పనులు అయిపోయాయి, ఇక కూలి లేదు, గింజలు లేవు. అప్పుడు వచ్చారు జనం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ కూలీలు. ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గరికి కూడా రానివ్వని రోజులవి. నీటిలోంచి బయటికి వచ్చాక వాళ్ల కష్టాలేమీ తీరలేదు. అదే గుడిసె, అదే వెట్టి. అయినా వాళ్లకు ఆ నీళ్లలో ఏదో దొరికింది, దాన్ని పిల్లలకిచ్చారు. నీకూ నాకూ అలాగే వచ్చింది.

మీ కూటంలో సాక్ష్యాలు అబద్ధాలని నేననను. కానీ అడిగింది దొరకనివాళ్లకు మైకు ఇవ్వకపోవడం మన తప్పు, పెద్దవాళ్ల తప్పు. నువ్వు ఈ ఆదివారం వెళ్లి, "మూడోసారి పోయింది, చాలా బాధగా ఉంది, నా కోసం ప్రార్థన చేయండి" అని లేచి చెప్పు. అదీ సాక్ష్యమే. ఆ గదిలో ఇంకో నలుగురు నీలాంటివాళ్లు తల వంచుకుని కూర్చుని ఉంటారు. నాలుగోసారి రాయాలా వద్దా అన్నది వేరే లెక్క. ఇంట్లో అప్పెంత, వయోపరిమితి ఎంత మిగిలింది, చేతికి వేరే పని ఏదైనా ఉందా అని మీ నాన్నతో కూర్చుని చూడు. ప్రార్థన చేశాను కాబట్టి నాలుగోసారి తప్పక వస్తుందని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, నీకు నువ్వు కూడా చెప్పుకోవద్దు.

ప్రశ్న: మా వీధిలో నా స్నేహితురాలి భర్త హఠాత్తుగా పోయారు. రేపు పరామర్శకి వెళ్లాలి. ఏ వాక్యం చదివితే ఆమెకు ధైర్యం వస్తుంది? (బాపట్ల నుంచి ఒక సోదరి)

జవాబు: అక్కా, రేపు వాక్యం చదవొద్దు. దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి అనే మాటను నేను పూర్తిగా నమ్ముతాను. కానీ తమ్ముడి శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఒకామె నా చెయ్యి పట్టుకుని ఆ వాక్యం చెప్పింది. చాలా ఏళ్లు నేను ఆ పేజీ తిప్పలేకపోయాను. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన ఊరికే కూర్చున్నారు. నోరు తెరిచాకే వాళ్లు తప్పులో పడ్డారు. మీరు వెళ్లి పక్కన కూర్చోండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, ఆయన గురించి చెబితే వినండి. క్యారియర్‌లో అన్నం, చారు, ఏదైనా వేపుడు పట్టుకెళ్లండి. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, పిల్లలు ఆకలి అని చెప్పలేరు. పదిహేను రోజులయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోతారు. మరణ ధృవీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు, ఇవన్నీ అప్పుడే మొదలవుతాయి. ఆ రోజు మళ్లీ వెళ్లి, ఆమెను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్లండి. దారిలో ఆమె అడిగితే అప్పుడు వాక్యం చెప్పండి.